రెండు మాటలు, ఒక్క ఓటు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతలనాడేమీ కాదు, బిలాస్‌పూర్‌లో నేను బీఎస్సీ రెండో ఏడు వెలగబెడుతున్న రోజుల్లో, ఎవరేమడిగినా ‘సరే’ అనేసే జబ్బు నాకుండేది. కాలేజీలోనే ఫారం నింపాను, ఓటరు కార్డు వచ్చింది. (అందులో నా ఫొటో చూసి తమ్ముడు జడుసుకున్నాడు, అది వేరే కథ.) ఆ రోజే నాన్నమ్మ నా చేత చేతిలో చెయ్యి వేయించుకుని, “ఒలే గుంటా, నీ మొదటి ఓటు నాను సెప్పినోడికే ఎయ్యాల” అంది. సరే అన్నాను. సాయంత్రం లోకో షెడ్డు నుంచి వచ్చిన నాన్న, సరిగ్గా నాన్నమ్మకు గిట్టని గుర్తే చెప్పాడు. ఆయనకీ సరే అన్నాను. ఓట్లొస్తే ఆ తల్లీకొడుకులది ఉప్పూ నిప్పూ.

తీరా పోలింగు రేపనగా నాన్న చల్లగా చెప్పాడు. “ఈసారి కొత్త మెషీనటమ్మా. బటన్ నొక్కితే ఎవరికేసేవో చీటీ వస్తాదట. అచ్ఛా హై, తెచ్చి చూపించు.” “ఔన్లే, నాకూ సూపించు” అంది నాన్నమ్మ. మాది రైల్వే ఇల్లు. చీటీ వస్తుందంటే టిక్కెట్టులా చేతికే వస్తుందని ముగ్గురమూ నమ్మాం. ఇక నాకు అన్నం సయిస్తే ఒట్టు!

మర్నాడు వేలికి సిరా పూయించుకుని అట్ట చాటుకు వెళ్ళాను. ఏ గుర్తు నొక్కినా ఇంట్లో ఒకరు నాతో మాట్లాడరు. ఇద్దరినీ మనసులో తిట్టుకుని, ఎలాగూ తిట్లు తప్పవు కదా అని, నాకు నచ్చిన మూడో మనిషికి నొక్కేశాను. కుయ్యిమంది. పక్క మెషీను అద్దంలో చీటీ కనబడింది. నేను దాని కింద దోసిలి పట్టి నిలబడ్డాను. చీటీ కాస్తా తెగి లోపలికే పడిపోయింది.

“బేటీ, హో గయా. అబ్ క్యా చాహియే?” అన్నాడు ఆఫీసరు, అయిపోయిందిగా ఇంకేం కావాలని.

“సార్, మేరీ పర్చీ?” అని నా చీటీ అడిగాను.

“వో కిసీకో నహీ మిల్తీ!”

ఎవరికీ ఇవ్వరట! నా తండ్రే అనుకుని ఆయనకు రెండు చేతులా దండం పెట్టాను. లైన్లో వాళ్ళంతా ఒకటే నవ్వు.

“ఏటే, సీటీ ఏదే?” అంది నాన్నమ్మ గుమ్మంలోనే.

“పెట్టెలోనే పడిపోద్దట నాన్నమ్మా. ఎవరికేసేమో చెప్పకూడదట.”

నాన్నమ్మ నాన్నకేసి చూసి గెలిచినట్టు నవ్వింది. నాన్న మీసం దువ్వుకున్నాడు. ఎవరికి వారే మురిసిపోతూ ఒకే ఆటో ఎక్కి ఓటుకు వెళ్ళారు. (నా మూడో మనిషికి డిపాజిట్టు కూడా దక్కలేదు, పాపం.)

దోసిలి పట్టి నిలబడ్డ ఆనాటి ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. తర్వాత ఉద్యోగంలో, పెళ్ళిలో, అత్తారింట్లో ఎన్నిటికి సరే అన్నానో లెక్కలేదు. అన్నిసార్లూ మనుషుల ఎదురుగానే అనాల్సొచ్చింది. ఆ అట్ట చాటు ఇంకెక్కడా దొరకలేదు.