తెరవని తుంటి

తాడేపల్లిగూడెంలో ఏలూరు బస్సెక్కితే, నా పక్క సీట్లో చేతికర్రతో ఒకావిడ కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. తుంటికి చిన్న గాట్లు పెట్టి, సన్నటి గొట్టం దూర్చి ఆపరేషన్ చేశారని తనే చెప్పింది. డిశ్చార్జి కాగితాల్లోనూ బిల్లులోనూ మాత్రం తుంటిని పెద్దగా కోసి తెరిచినట్టు రాశారట. మార్పించడానికి మళ్ళీ ఆసుపత్రికి వెళ్తోంది.

భీమడోలు దాటాక ఆమె భర్త ఫోన్ చేశాడు. "బిల్లు ఇన్సూరెన్సువాళ్ళే కడుతున్నారుగా, మనకెందుకే?" అనడం నాకూ వినిపించింది.

"రేపు ఇంకో డాక్టరుగారు ఆ కాగితం చూసే కదండీ వైద్యం చేసేది! నా ఒంటిమీద లేని కోత అందులో ఎందుకుండాలండీ?" అని ఫోన్ పెట్టేసింది.

ఏలూరులో దిగి, ఆమె సంచి పట్టుకుని నేనూ ఆసుపత్రికి వెంట వెళ్ళాను.

"అలా రాస్తేనే బిల్లు తొందరగా పాసవుతుందమ్మా" అన్నాడు కౌంటరులో ఆయన.

"ఆపరేషన్ చేసిన డాక్టరుగారిని పిలవండి. నన్నెక్కడ తెరిచారో ఆయన్నే చూపించమనండి" అంది హాలంతా వినబడేలా. కుర్చీ వేసినా కూర్చోలేదు. కర్రమీద ఆనుకుని నిలబడే ఉంది. వరసలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తమ కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టారు. అది చూశాక కౌంటరాయన లేచి లోపలికి వెళ్ళాడు.

డాక్టరుగారు వచ్చి, డిశ్చార్జి కాగితాలూ బిల్లూ రెండూ దిద్ది ఇచ్చారు.

"ఇంక సంతకం పెట్టండమ్మా" అన్నాడు కౌంటరాయన.

"ఆగండి, చదవాలి కదండీ" అందావిడ.

ఇప్పటికీ ఏ కౌంటరు దగ్గరైనా నన్ను తొందరపెడితే ఆ మాటే అంటాను.