నేను మార్చిన టాపెట్లు

చాలా ఏళ్ళుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. మోకరించినప్పుడు మరీ బరువవుతుంది. దేవునికి తెలుసు కదా, ఇంకెవరికి చెప్పాలి అనుకుంటూ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. కానీ ఆయనకు తెలియడం వేరు, నేను నోరు తెరవడం వేరు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తాడేపల్లిగూడెంలో నాకూ దానియేలన్నయ్యకూ కలిపి ఒక కార్ల రిపేరు షెడ్డు ఉండేది. సొంత అన్న కాదు. ఒకే సంఘం, ఒకే రోజు ఒకే కాలువలో బాప్తిస్మం. ఆ రోజుల్లో నేను రహస్యంగా తాగేవాణ్ణి. మానలేక, ఏడ్చి, ఆయన ఒక్కడికే చెప్పుకున్నాను. ఎవరికీ చెప్పనని నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆ వారమే ఉపవాస కూడికలో ప్రార్థన మనవులు అడిగితే ఆయన లేచి, నా పేరు పెట్టి, నా తాగుడు గురించి ప్రార్థించమన్నాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద నా భార్య ఉంది. ఆమెకు అప్పటిదాకా తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బయటికొచ్చాక అడిగాను.

“అందరి ముందూ ఎందుకు చెప్పారన్నయ్యా?”

“ఎవరికి చెప్పానురా? దేవుడికే కదా.”

“మా ఆవిడ అక్కడే ఉందండీ.”

“మరీ మంచిది. ఇక సీసా దాచడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు,” అని నవ్వి భుజం తట్టాడు.

ఆయన మనసులో మోసం లేదేమో. అదే నన్ను ఎక్కువ కాల్చింది. చేసినవాడికే అది ద్రోహమని తెలియకపోతే, మోసపోయినవాడు ఎవరి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకోవాలి?

అప్పుడు షెడ్డులో భీమడోలు మాస్టారొకరి పాత అంబాసిడర్ ఇంజను విప్పి ఉంది. వాళ్ళ నాన్నగారి కారు. టాపెట్లంటే చిన్న ఇనప గిన్నెల్లాంటివి. కామ్‌షాఫ్ట్ అనే కడ్డీ మీద కూర్చుని, అది తిరిగినప్పుడల్లా పైకి లేచి వాల్వుల్ని తెరిపిస్తాయి. కామ్‌తో కలిసి అరిగినవి కాబట్టి దేని గుంటలోకి అదే తిరిగి వెళ్ళాలి. అందుకని అన్నయ్య, మండవల్లి నుంచి వచ్చిన చేపల పెట్టె థర్మోకోల్ మూతకి గుంటలు చేసి, అంకెలు వేసి, వరసగా పేర్చాడు. ఆయన భోజనానికి వెళ్ళగానే మూడోదాన్నీ ఆరోదాన్నీ తారుమారు చేశాను. చెయ్యి తడబడలేదు.

ఆయన తిరిగొచ్చి వాటిని అలాగే బిగించాడు. ఇంజను పూర్తయ్యాక, మొదటిసారి స్టార్ట్ చేసేముందు, దాని మీద చేతులుంచి ప్రార్థించడం మా అలవాటు. ఆ రోజూ ఉంచాం. ఆమెన్ అన్నాను. ఎలా అనగలిగాను?

కొన్ని వారాలకే కామ్ అరిగిపోయి, ఇనప పొడి ఆయిల్లో కలిసి ఇంజను పోయింది. విప్పి చూసి, అరుగుదలని బట్టి అన్నయ్యే కనిపెట్టాడు, రెండు టాపెట్లు మారాయని. నన్ను అనుమానించలేదు. ఆదివారం ఆరాధనలో, మాస్టారిని పిలిపించి, ఆయన ఎదుట లేచి నిలబడి, తన అజాగ్రత్త వల్లే జరిగిందనీ, క్షమించమనీ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. చెయ్యని తప్పు. నేను వెనక వరసలో ఉన్నాను. లేస్తే సరిపోయేది. లేవలేదు. పైగా ఆయన కోసం ప్రార్థించమంటే, గట్టిగా, అందరికీ వినపడేలా ప్రార్థించాను.

ఆ తర్వాత కార్లు రావడం తగ్గింది. అన్నయ్య స్పానరు పట్టడం మానేసి కలిదిండి దగ్గర చేపల చెరువులకి కాపలా వెళ్ళాడు. కనిపిస్తే ముందుగా తనే వందనాలంటాడు.

నాకు జరిగింది ద్రోహమే. ఇప్పటికీ అంటాను. ఆ చాప, ఆ కొంగు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ ఆయన మాట నిలబెట్టుకోకపోవడమూ, నేను ఆయన బతుకుతెరువు తీసెయ్యడమూ ఒకటేనా? ప్రభు బల్ల దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ఈ ప్రశ్న రొట్టెతో పాటే మింగేశాను.

తాగుడు మానేశాను. ఆ కూడిక తర్వాతే. అదీ ఆయనకు చెప్పలేదు.

టాపెట్లు మార్చింది నేను, దానియేలన్నయ్య కాదు. ఈ మాట ఇన్నేళ్ళలో ఎక్కడా రాయలేదు, ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు రాశాను. ఊపిరి ఆడుతోంది.