పటంలో లేని పురుగులు

మా సంస్థలో ఆవిడని అందరూ పురుగులక్క అనేవాళ్ళు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడ కూడా ఫోనెత్తితే "పురుగులక్కని మాట్లాడుతున్నా" అనేది. దాంతో ఏడిపిద్దామనుకున్నవాళ్ళకి పని మిగిలేది కాదు.

సముద్రం అడుగున బురదలో బతికే పురుగులు ఆవిడ చదువు. నది సముద్రంలో కలిసే చోట పడవ ఆపి, ఇనుప దవడల్లాంటి పరికరాన్ని తాడుతో దించి, అది కరుచుకొచ్చిన బురదని జల్లెడ పట్టేది. జల్లెడలో మిగిలిన వెంట్రుకంత ప్రాణుల్ని కుళ్ళిపోకుండా ఫార్మలిన్ మందు పోసిన సీసాలోకి ఎత్తేది. సీసా లోపలే పెన్సిల్‌తో రాసిన చీటీ ఒకటి మునిగి ఉంటుంది, ఎక్కడ, ఎప్పుడు అని. సిరా అయితే కరిగిపోతుంది. ఏటా అదే కాలంలో, అదే చోట. ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలుపెట్టి ఒక్క ఏడు కూడా వదల్లేదు, పురిటికి వెళ్ళిన ఏడు కూడా. కింది అంతస్తులో చివరి గది నిండా ఆ సీసాలే. ఆ బురద మారిందా, మారితే ఎప్పటినుంచి అని చెప్పడానికి అవి తప్ప వేరే దారి లేదు. వాటన్నిటి మీదా ఒక పెద్ద వ్యాసం రాసి రిటైరవ్వాలన్నది ఆవిడ కోరిక. ఇంకో కోరిక ఉన్నట్టు నాకైతే ఎప్పుడూ కనిపించలేదు.

భర్త పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. ఆవిడని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడల్లా గది గుమ్మంలో నిలబడి, సీసాల వంక చూసి, "నీ పిల్లలకి వయసొచ్చినట్టుంది, సంబంధాలు చూడమంటావా?" అనేవాడు. కూతురు మాత్రం నవ్వేది కాదు. చిన్నప్పుడు అమ్మ చేత్తో పెడితే తినేది కాదట, మందు కంపని. అమ్మ ఏం చేస్తుందని బళ్ళో అడిగితే కంప్యూటర్ల పని అని చెప్పిందట. ఆవిడ ఈ సంగతులన్నీ నవ్వుతూనే చెప్పేది. పాలిచ్చే రోజుల్లో మా పాపని ఆఫీసుకి తీసుకురావలసి వస్తే, ఆవిడ రెండుసార్లు సబ్బుతో రుద్దుకుని వచ్చి, అప్పటికీ చేతులు వెనక్కి కట్టుకుని, మొహంతోనే ఆడించేది.

నాది అదే సంస్థ నడిపే సముద్రశాస్త్ర పత్రికలో వ్యాసాల్ని అచ్చుకి సిద్ధం చేసే పని. పత్రికని ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు ఒక చిక్కు వచ్చింది. పాత వ్యాసాలకి కీలకపదాలు లేవు. వెతికేవాళ్ళకి దొరకాలంటే ప్రతి వ్యాసానికీ నాలుగైదు మాటలు తగిలించాలి. ఎవరికీ పట్టని ఆ పనిని పురుగులక్కకి అంటగట్టారు. ఆవిడ సొంత పని చేసుకుంటూనే ఏళ్ళ తరబడి దాన్ని కూడా చేసింది. ఇష్టంగా చేసింది, అదే కొంప ముంచింది. పాపం, ఎవరి వ్యాసమూ మూలన పడి ఉండకూడదని, జనం ఏ మాటతో వెతుకుతారో ఆ మాటే పెట్టేది. బురద మీద వ్యాసమైతే "వాతావరణ మార్పు". నత్తల మీదైతే "తీర కాలుష్యం". తన వ్యాసాలకీ అంతే. పురుగులని పెడితే ఎవరు వెతుకుతారమ్మా అని నాతోనే అంది ఒకసారి.

పత్రికకి నలభై ఏళ్ళు నిండే ఏడాది డైరెక్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. ఈ నలభై ఏళ్ళలో మన పత్రికలో ఏయే విషయాల మీద పరిశోధనలు వచ్చాయి, ఏవి పెరిగాయి, ఏవి తగ్గాయి, ఎవరెవరు కలిసి రాశారు, అన్నీ లెక్క తేల్చి ప్రత్యేక సంచికలో వేద్దామన్నారు. తేలిన లెక్కని బట్టే సంస్థలో గదులూ మనుషులూ సర్దుబాటు చేస్తామని కూడా అన్నారు. లెక్కలు వేసే కుర్ర శాస్త్రవేత్తని మేం చిత్రగుప్తుడనేవాళ్ళం. అందరి చిట్టా అతని కంప్యూటర్లోనే ఉంటుంది. అతను కీలకపదాలన్నిటినీ ప్రోగ్రాములో పోసి ఒక పటం తీశాడు. ఎక్కువసార్లు వచ్చిన మాటకి పెద్ద గుండ్రం, తక్కువసార్లు వచ్చినదానికి చిన్న గుండ్రం. అయిదు వ్యాసాల్లోనైనా రాని మాటని ప్రోగ్రాము అసలు గీయదు.

పటం చూపించడానికి అందరినీ మీటింగు గదికి పిలిచారు. తెర మీద వాతావరణ మార్పు గుమ్మడికాయంత ఉంది. పక్కన ఉపగ్రహాలు, చేపల వేట, ప్లాస్టిక్కు. పురుగులక్క కళ్ళజోడు సర్దుకుని, తెర మీద ఆ చివరినుంచి ఈ చివరిదాకా వెతికింది. పురుగులన్న మాట ఎక్కడా లేదు.

డైరెక్టరుగారు గొంతు పెంచే మనిషి కాదు. నలభై ఏళ్ళలో మన పత్రిక పట్టించుకోని విషయానికి అంత పెద్ద గది ఎందుకని మెల్లగా అడిగారు. కంప్యూటర్లు పెట్టడానికి చోటు చాలక చస్తున్నామన్నారు. అప్పుడు పురుగులక్క లేచి నిలబడింది.

"ఉన్నాయి సార్. ఆ పెద్ద గుండ్రంలో సగం నా పురుగులే. నేనే వాటికి ఆ పేరు పెట్టాను."

ఎందుకు పెట్టిందో అంతా చెప్పింది. చిత్రగుప్తుడు తల గోక్కున్నాడు. కీలకపదాలు వదిలేసి వ్యాసాల శీర్షికల్లోంచి మళ్ళీ లెక్క తీయొచ్చు సార్, పెద్ద పనేం కాదు అన్నాడు. అతని మంచితనం అంతవరకే ఉంది.

డైరెక్టరుగారు ఆవిడ వంకే చూస్తూ అన్నారు. "ఫలితం నచ్చలేదని లెక్కించే పద్ధతి మారిస్తే దాన్ని ఏమంటారమ్మా? మీ జూనియర్లకి మీరే కదా నేర్పింది?"

ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర ఉన్నది ఒక్కటే జవాబు.

"తప్పు సార్" అంది.

"మరింకేం. మీ పురుగుల్ని పురుగులనడానికి మీకే మొహం చెల్లలేదు. మమ్మల్ని అనమంటే ఎలా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. టీ కప్పులు తీస్తున్న ఆయన కూడా, విషయం తెలియకపోయినా, అందరూ నవ్వుతున్నారని నవ్వాడు. ఆవిడ కూర్చుంది. కూర్చున్నాక తనూ నవ్వింది, అలవాటు కొద్దీ.

సీసాలు పారబోసి గది ఖాళీ చేసే పని వేరేవాళ్ళకి ఇస్తామంటే వద్దంది. ఆ మందు కళ్ళల్లో పడితే కష్టం, చేతికి తొడుగులు లేకుండా చేసేస్తారు, నేనే చేస్తానంది. సీసా మూత తీయడం, మందుని నీలం డ్రమ్ములోకి వంచడం, జల్లెడలో మిగిలినదాన్ని ఇంకో డ్రమ్ములోకి తట్టడం. ఇన్నేళ్ళూ బురద పట్టిన జల్లెడే. భర్త సెలవు పెట్టి వచ్చి గరాటు పట్టుకున్నాడు. ఆ వారమంతా అతను ఒక్క జోకు కూడా వేయలేదు. చీటీలు మాత్రం ఆవిడ ఒక పళ్ళెంలో ఆరబెట్టింది. పురుగులు పోయాక అవి ఎందుకని నేను అడగలేదు. చివరి రోజున ఊడ్చేవాళ్ళు వాటిని కూడా ఎత్తేశారు.

ఆవిడని మా పత్రిక గదిలోకి మార్చారు, నా వెనక బల్ల దగ్గరికి. కొత్తగా వచ్చే వ్యాసాల కీలకపదాలు సరిచూడాలి, అంతే. పెద్ద వ్యాసం మాట మళ్ళీ ఎత్తలేదు.

ప్రత్యేక సంచిక వచ్చింది, బాగా పేరొచ్చింది. అందులో పటంతో పాటు వేసిన సమీక్ష చివరి పేరాలో ఒక ముక్క ఉంది. ఈ తీరంలో అడుగు బురదలోని జీవుల మీద పరిశోధన దాదాపు శూన్యం, ఈ లోటు వెంటనే పూడ్చాలి అని. అది పటం చెప్పిన మాట. ఏ విషయం కనిపించలేదో దాన్ని లోటు అని రాయడం ఇలాంటి సమీక్షల్లో మామూలే. ఆ ముక్క ఆధారంగా డైరెక్టరుగారి బృందానికి పెద్ద ప్రాజెక్టు మంజూరైంది. కొత్త పడవ వచ్చింది. కొత్త ఇనుప దవడలు వచ్చాయి. ఆవిడ వెళ్ళి, నేను కూడా చేస్తాను సార్ అని అడిగిందట. వయసు దాటిపోయింది కదమ్మా అన్నారట, ఎంతో మర్యాదగా.

మరుసటి ఏడు ఆ ప్రాజెక్టు మొదటి వ్యాసం మా గదికి వచ్చింది. నదీ సముద్రమూ కలిసే అదే చోటు. ఆవిడ చదువుతూ చదువుతూ ఆగి, నా కుర్చీని తట్టి, ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించింది. "ఈ ప్రాంతం నుంచి పోల్చి చూడటానికి పాత నమూనాలు ఏవీ లేవు."

కొట్టెయ్యక్కా అన్నాను.

"ఎలా కొట్టేస్తాను? నిజమే కదా, లేవు."

కీలకపదాల దగ్గర రచయితలు ఖాళీగా వదిలేశారు. ఆవిడ మొదటి గడిలో "పురుగులు" అని టైపు కొట్టింది. కంప్యూటరు తీసుకోలేదు. మళ్ళీ కొట్టింది. చిత్రగుప్తుడిని కేకేసి అడిగితే, కంప్యూటరు ఒప్పుకునే మాటల జాబితాని ఆ పటంలోంచే తీశానక్కా అన్నాడు. అయిదు వ్యాసాల్లో వస్తేగానీ కొత్త మాట జాబితాలోకి ఎక్కదు. జాబితాలో లేనిదే ఒక్క వ్యాసంలోనూ పెట్టడం కుదరదు. చెప్తూండగా అతనికే అర్థమైనట్టుంది, సగంలో ఆపేసి వెళ్ళిపోయాడు.

ఆవిడ జాబితా కిందికి దించింది. "వాతావరణ మార్పు" దగ్గర ఆగి నొక్కింది. తర్వాతి వ్యాసం తెరిచింది.