పెదవి కదపని ప్రార్థన

ఆ ఆదివారం కీర్తనలో రెండో చరణం అందిస్తుండగా నా గొంతు ఆగిపోయింది. నొప్పి లేదు. గాలి వచ్చింది, మాట రాలేదు.

అప్పుడు నేను బస్తర్ సంస్థానంలో, కోంటా దగ్గర రోడ్డు పనికి ఓవర్సీయర్‌ని. మా క్రైస్తవ సంఘం గుడి తాటాకు పాక. సంఘంలో చదువు వచ్చినవాళ్ళు తక్కువ. అందుకని నేను పుస్తకం చూసి ఒక్కో పాదం ముందుగా చెప్పేవాణ్ణి, అందరూ దాన్ని పాడేవారు. ప్రార్థన కూడా నేనే పైకి చేసేవాణ్ణి. నోటితో పలకనిది ప్రార్థన కాదని మా ఇంట్లో నేర్పారు.

మాట తిరిగి వచ్చినా బొంగురు తగ్గలేదు. తర్వాత సాయంత్రం పూట సన్నని జ్వరం, మింగితే చెవిదాకా పోటు, ఒళ్ళు తగ్గడం వరసగా వచ్చాయి. రోడ్డు దుమ్ము వల్లనే అనుకుని మిరియాల కషాయం తాగుతూ వానాకాలం గడిపేశాను. చివరికి మా అక్క పట్టుబట్టి, శబరి నది దాటించి మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

స్పూటమ్, అంటే ఉమ్మి, పరీక్ష చేశారు. డాక్టరు నా నాలుకను గుడ్డతో పట్టుకుని, గొంతులో చిన్న అద్దం పెట్టి చూశారు.

"టీబీ. లంగ్స్‌లో కొంచెం, లారింక్స్‌లో, అంటే స్వరపేటికలో, ఎక్కువ. కంప్లీట్ వాయిస్ రెస్ట్ కావాలి. ఎవరితోనూ మాట్లాడొద్దు."

గొంతు మళ్ళీ వస్తుందా అని పలక మీద రాసి అడిగాను. ఇప్పుడే చెప్పలేనన్నారు. గుడికి కూడా వెళ్ళవద్దన్నారు. ప్రభు సంస్కారంలో ద్రాక్షరసం మేమందరం ఒకే గిన్నెలో తాగుతాం.

అక్క ఇంటి వెనక నాకు విడిగా పాక వేయించింది. గుడిలో పాట అక్కడికి వినిపిస్తుంది. పొద్దుటెండలో పడక, కాడ్ లివర్ ఆయిల్, పాలు, గుడ్లు. ఉమ్మి మూత డబ్బాలో వేస్తే అక్క తీసుకెళ్ళి కాల్చేది. జ్వరం దిగింది, ఒళ్ళు కోలుకుంది. కాని మళ్ళీ చూపించుకున్నప్పుడు గొంతులో పుండు పెద్దదైందన్నారు.

"ఇతను మాట్లాడుతున్నాడా?" అని డాక్టరు అక్కను అడిగారు.

"లేదయ్యా. మాతోటి ఒక్క మాట లేదు. పొద్దుమాపు ప్రార్థన చేసుకుంటడు, గంతే. అది గూడ గుసగుసనే."

డాక్టరు అద్దం పక్కన పెట్టారు. "విష్పర్ చేసినా వోకల్ కార్డ్స్‌కు శ్రమే. ఆపకపోతే గొంతు పోతుంది. దేవుడు వినడానికి నీ లారింక్స్ కావాలా?"

మాట్లాడవద్దన్నది మనుషులతోనే అనుకున్నాను. దేవునితో మాట్లాడటం ఆ లెక్కలోకి రాదనుకున్నాను.

ఆ తర్వాత రోజులే కష్టం. పెదవులు కదలకుండా పళ్ళు బిగించి కూర్చునేవాణ్ణి. సంఘం, రోగులు, వాన, పంట అని అడగవలసినవన్నీ నాలో వరసగా ఉండేవి. పలికే వీలులేక ఒక్కొక్కటే జారిపోయాయి. విశ్వాసమే పోతోందని భయపడ్డాను. చివరికి ఏమీ అడగకుండా కూర్చోవడం మిగిలింది. కొన్నాళ్ళకు ఆ మౌనంలో నేను ఒంటరిగా లేనని తెలిసింది. అంతకన్నా వివరంగా రాయలేను.

ఒక ఆదివారం గుడిలో పాట మొదలైంది. పాదం అందించేవాడు లేడు, ఆగిపోతుందని ఎదురుచూశాను. చివరి చరణం దాకా ఆగలేదు. మనసు చివుక్కుమంది. ఆరాధన అయ్యాక మా సంఘపెద్ద యాకోబు తాత వచ్చి, జబ్బు అంటకుండా గాలికి ఎగువన కూర్చున్నాడు.

"ఏంది ఓర్సీరూ, మొకం అట్ల పెట్టినవ్? నువ్ లేకుంటే పాట ఆగిపోద్దనుకున్నవా?"

శబ్దం రాకుండా నవ్వాను.

"ఇన్నేండ్లు నువ్ సెప్పుడు, మేం అనుడు. ముంగటి మాట ఏం సెప్తవో అని నీ నోరు సూసుడే సరిపోయేది. ఇప్పుడు మేమే తలుసుకుంటా పాడుతుంటే, అండ్ల ఏమున్నదో తెలుస్తంది."

మళ్ళీ ఎండలు ముదిరేనాటికి పుండు మానింది. స్పూటమ్ నెగెటివ్ వచ్చాకే డాక్టరు గుడికి వెళ్ళనిచ్చారు. గొంతు సగమే తిరిగి వచ్చింది, పక్కవాడికి మాత్రమే వినిపిస్తుంది. ఇప్పుడు తలుపు దగ్గర కూర్చుంటాను. సంస్కారానికి ఇంటి నుంచి నా గ్లాసు తెచ్చుకుంటాను. పాదాలు అందించను. పాట ఎక్కడైనా తడబడితే తలలు నా వైపు తిరుగుతాయి. నేను ఆగుతాను. ఎవరో ఒకరికి గుర్తొస్తుంది.

ఈ జబ్బు గొంతుకు వచ్చినవారికి ఒకటే చెబుతాను. వాయిస్ రెస్ట్ అంటే గుసగుస కూడా మానాలి. ప్రార్థనకని మినహాయింపు ఇచ్చుకోకండి. పెదవులు మూసి కూర్చోండి. పోతుందని నేను భయపడ్డది అక్కడ పోలేదు.