క్లోరిన్‌లో సగం ఎక్కడిది?

ఆ రోజు తప్పు నాదే. తొంభైల్లో విశాఖ వన్ టౌన్‌లో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పేవాణ్ణి. నాలుగో బ్యాచ్ వచ్చేసరికి నా ఓపిక అయిపోయింది. క్లోరిన్ పరమాణు భారం ముప్పై అయిదున్నర అన్నాను.

జాలరిపేట నుంచి వచ్చే నూకరత్నం లేచి, "సగం ఎలగొచ్చింది సారూ? మూడు సిన్న సేపలు, ఒక పెద్దది కలిపి సగటు కట్టినట్టా?" అంది.

"సేపల బజారనుకున్నావా? కూర్చో!" అని ఆమె యాసలోనే వెక్కిరించాను. అందరూ నవ్వారు. మర్నాటి నుంచి ఆమె రాలేదు.

నిజానికి ఆమె చెప్పిందే సరి. క్లోరిన్‌లో ముప్పై అయిదు భారమున్న పరమాణువులు మూడుంటే, ముప్పై ఏడు భారమున్నది ఒకటి ఉంటుంది; సగటు ముప్పై అయిదున్నర.

వాళ్ళింటికి వెళ్ళాను. "సదువు మానేత్తానంటంది సారూ, ఏటన్నారేటి?" అంది తల్లి. జరిగింది చెప్పి, నన్ను క్షమించమని నూకరత్నాన్ని అడిగాను. మర్నాడు ఆ పాఠం ఆమె చేతే చెప్పించి, పిల్లల మధ్య కూర్చుని విన్నాను.