తెల్లగా వచ్చిన వడియాలు

మా పాత వీధి ఇక ఉండదన్న కబురు నాకు మొదట చెప్పింది వసుంధరగారు. చాలా ఏళ్లు ఇక్కడ అరోరాలో, గుడి వంటశాలలో నాతో పాటు పులిహోర కలిపి, ఈమధ్యే కూతురి దగ్గర ఉండటానికి పిట్స్‌బర్గ్ వెళ్లిన వరంగల్ మనిషి ఆవిడ. నా చిన్ననాటి ఊరు అక్కడికి అరగంట దూరమే. నా కబుర్లు విని విని, ఒక ఆదివారం కూతురిచేత కారు తోలించుకుని ఆ ఊరు చూడటానికి వెళ్లింది. అక్కడి నుంచే ఆవిడ ఫోన్ చేసేసరికి నేను సగ్గుబియ్యం వడియాలు వేయిస్తున్నాను. నూనెలో పడగానే ఉబ్బి తెల్లగా విచ్చుకునే వడియాల వాసన, జీలకర్రా పచ్చిమిర్చీ కలిసిన ఆ కమ్మటి ఘాటు, ఇల్లంతా నిండి ఉంది.

“శారదా, మీ గల్లీ మొత్తం కూలగొడ్తున్నరంట. తలుపులకు నోటీసులు అంటించిన్రు. కౌన్సిల్ల వోటింగ్ గూడ అయిపోయిందంట, ఒక్క వోటు తేడాతోని పాసైందంట” అంది. “మీ పక్కింటామె ఇల్లు గూడ ఉన్నది అందుల. ఫొటో తియ్యాల్నా?” అని అడిగింది. నేను పొయ్యి ఆపేశాను. మూకుట్లో మిగిలిపోయిన వడియం ఒకటి నెమ్మదిగా ఎర్రబడి మాడిపోయింది.

మాది ఉక్కు ఊరు. నది ఒడ్డు పొడవునా కార్ఖానా, దాని వెనక నిటారుగా లేచిన కొండ, ఆ కొండని పట్టుకుని ఒకదాని భుజం మీద ఒకటి నిలబడినట్టు చెక్క ఇళ్లు. నాన్నగారు కార్ఖానా ల్యాబ్‌లో పనిచేసేవారు. కరిగిన ఇనుములోంచి తీసిన ముక్కని పరీక్షించి అందులో ఏది ఎంత ఉందో చెప్పడం ఆయన ఉద్యోగం. ఊరు మొత్తానికి తెలుగు మాట్లాడే ఇల్లు మాదొక్కటే. నాకు పసితనం నుంచీ ఆయాసం. బడేమో సరిగ్గా కార్ఖానా గేటు పక్కన. డాక్టరు వద్దనడంతో, అమ్మ బడి పెద్దల దగ్గర అనుమతి తెచ్చుకుని నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి చదివించింది. లెక్కలూ తెలుగూ అమ్మ దగ్గర, వంటింటి బల్ల మీద, నాన్నగారు తెచ్చిన గళ్ల కాగితాల వెనకవైపు. ఇంగ్లీషు మాత్రం పక్కింటి హెలెన్ ఆంటీ దగ్గర.

హెలెన్ ఆంటీ తాతముత్తాతలు స్లొవేకియా నుంచి వచ్చినవాళ్లు. భర్త జో అంకుల్ పెద్ద కొలిమి దగ్గర ముప్పై ఏళ్లుగా పని. పిల్లలు లేరు. ఆవిడ నాకు చదువు చెప్పిన పుస్తకం ఆ రోజు వచ్చిన పేపరు: కోడిగుడ్ల కూపన్లు, పెళ్లి ఫొటోలు, పోయినవాళ్ల వివరాలు, చర్చి భోజనాలు, కార్మిక సంఘం మీటింగులు. ‘లే ఆఫ్’ అనే మాట నేను స్పెల్లింగ్ నేర్చుకున్న తొలి మాటల్లో ఒకటి. ఎలక్షన్లు వచ్చాయంటే పెద్ద పెద్ద నాయకులు గేటు ముందు ఇనప టోపీలు పెట్టుకుని నిలబడి ఈ కార్ఖానా ఎక్కడికీ పోదనేవారు. ఆ ఫొటోలు చూపించి జో అంకుల్, “ఎలక్షన్ ముందు మా టోపీ అందరి తలకీ సరిపోతుంది, తర్వాతే బిగుతవుతుంది” అని నవ్వేవాడు.

ఆ ఊళ్లో మసి అందరికీ చుట్టం. కిటికీ అంచుల మీద, టొమాటో ఆకుల మీద, శీతాకాలం కురిసిన మంచు మీద మధ్యాహ్నానికల్లా నల్లటి పొడి, అందులో అక్కడక్కడా అభ్రకంలా మెరుపు. అమ్మ పొద్దున్నే స్నానం చేసి, తడిగుడ్డతో పూజ అలమరలోని పటాలన్నీ తుడిచాకే దీపం వెలిగించేది. “దేవుడికి కూడా రోజూ మొహం కడగాల్సిన ఊరే తల్లీ ఇది” అనేది. అంటూనే ఆ పొగ వల్లే మనకింత అన్నం దొరుకుతోందని కార్ఖానా వైపు తిరిగి ఓ నమస్కారం కూడా పెట్టేది.

కొలిమిలో పోసిన ఇనుపరాయీ బొగ్గూ ఒక్కొక్కసారి మధ్యలో ఇరుక్కుని, ఉన్నట్టుండి దిగువకి జారిపోయేవి. అప్పుడు కొండ లోపలెక్కడో పెద్ద తలుపు మూసినట్టు దభీమని చప్పుడు. ఆ చప్పుడు తర్వాత కొద్ది నిమిషాల్లో ఎర్రటి దుమ్ము మేఘం కొండెక్కి వచ్చేది. ఆలోగా హెలెన్ ఆంటీ తన వెనక వరండాలో మేకుకి తగిలించి ఉన్న పెద్ద పెనం మీద చెక్క గరిటెతో మూడు దెబ్బలు కొట్టేది. అది విని పై ఇంటావిడ తన గిన్నె మీద మూడు, ఆ పై ఇంటావిడ మూడు. అలా కొండ మొత్తం మోగేది, ఆడవాళ్లందరూ పరుగున వచ్చి తీగల మీది దుప్పట్లు లాగేసుకునేవాళ్లు. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో, ఇదేదో వీళ్ల పండగ కాబోలు అనుకుని వరండాలో నిలబడి నవ్వుతూ చేతులూపిందిట. ఆ రోజు ఆరేసిన చీరలన్నీ ఎర్రబడ్డాక గానీ సంగతి తెలియలేదు. ఆ తర్వాత మా ఇంటి వంతు అమ్మ స్టీలు పళ్లెం మీద, ఇత్తడి అట్లకాడతో వాయించేది.

ఎండాకాలం వస్తే అమ్మకి వడియాల మీదే ధ్యాస. అక్కడి కొట్లో పాయసానికని అమ్మే సగ్గుబియ్యం కొని, ఉడికించి, జీలకర్ర వేసి, జో అంకుల్ పాత కిటికీ జాలీతో చేసిపెట్టిన చెక్క చట్రాల మీద గుడ్డ పరిచి పెట్టేది. పెనం మోగగానే అమ్మా నేనూ చెరో పక్కా చట్రం పట్టుకుని లోపలికి పరుగెత్తేవాళ్లం. ఎంత పరుగెత్తినా మసి మసే; మా వడియాలు ఏ ఏడూ బూడిదరంగు దాటలేదు. “తింటే ఇనుము వంటికి పడుతుందిలే” అనేవారు నాన్నగారు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, మేలో ఆఖరి కొలిమి ఆరిపోయింది. ఎన్ని ఊరేగింపులు తీసినా, ఎంతమంది టోపీలు పెట్టుకుని వచ్చి మాటిచ్చినా ఆగలేదు. జో అంకుల్‌తో పాటు వీధిలో మగవాళ్లందరూ ఇంటికొచ్చేశారు. నాన్నగారిని మాత్రం, మిగిలిన యంత్రాలకి జాబితాలు రాయడానికి చలికాలం దాకా ఉంచారు. పొద్దున్నే భోజనం డబ్బా పట్టుకుని మెట్లు దిగేది ఆయనొక్కరే. అటూ ఇటూ వరండాల్లో కూర్చున్నవాళ్లు చూస్తూ ఉంటే ఆయన తల ఎత్తేవారు కాదు.

జులైలో అమ్మ వడియాలు పెట్టింది. మూడు రోజులు ఎండాక గుడ్డ వెనక్కి తిప్పి, నీళ్లు చల్లి, ఒలిచి, మళ్లీ ఒక రోజు ఎండబెట్టి చూస్తే ముత్యాల్లా ఉన్నాయి. “ఎంత తెల్లగా వచ్చాయో చూసావుటే! అచ్చం మా అమ్మ చేసినట్టే!” అంటూ చిన్నపిల్లలా అరిచి, అప్పటికప్పుడు నూనె పెట్టి వేయించి, పళ్లెం నిండా పెట్టుకుని నన్ను వెంటేసుకుని పక్కింటికి వెళ్లింది. హెలెన్ ఆంటీ తలుపు తీసింది. లోపల బల్ల దగ్గర, పొద్దున పదిగంటలకి, బనీనుతో కూర్చుని ఉన్నాడు జో అంకుల్, మూసిన పేపరు మీద రెండు చేతులూ పెట్టుకుని.

“చూడు హెలెన్, ఒక్క మసి చుక్క లేదు! ఇన్నేళ్లలో ఇదే ఫస్ట్ టైమ్!” అంది అమ్మ.

ఆవిడ పళ్లెం వైపు చూసింది. “అవును సూ, చాలా తెల్లగా ఉన్నాయి” అంది. అమ్మ పేరు సుభద్ర, ఆవిడ నోటికి సూ. “మా ఆయన ఇంట్లో కూర్చోబట్టే అంత తెల్లగా వచ్చాయి.” కోపంగా అనలేదు. మెల్లగా అని, మెల్లగా తలుపు వేసుకుంది.

ఇంటికొచ్చి అమ్మ పూజ అలమర ముందు నిలబడింది. అలవాటు చొప్పున తడిగుడ్డ తీసుకుని పటాలు తుడిచింది. గుడ్డకి ఏమీ అంటలేదు. అది చూసి ఏడ్చింది.

ఈ దేశంలో అప్పట్లో అమ్మకున్న స్నేహం అదొక్కటే. మంచులో నడవడం నేర్పింది, కొట్లో చిల్లర లెక్క నేర్పింది, నాకు ఆయాసం ఎక్కువైన ప్రతిసారీ తన చర్చిలో కొవ్వొత్తి వెలిగించి వచ్చింది హెలెన్ ఆంటీయే. ఇక ఆ తలుపు తెరుచుకోలేదు, నా పాఠాలు ఆగిపోయాయి. కొలిమే లేదు కనుక పెనమూ మోగలేదు. అమ్మ సరిగ్గా అన్నం తినేది కాదు. చివరికి నన్ను పిలిచి, “నాకు అంత ఇంగ్లీషు రాదే. నువ్వు రాయి” అంది. హెలెన్ ఆంటీ నేర్పిన మాటలే కూడబలుక్కుని ఆవిడకే ఉత్తరం రాశాను: అమ్మ వడియాలనే చూసింది, జో అంకుల్‌ని చూడలేదు, అమ్మ తప్పు చేసింది, అన్నం తినడం లేదు. పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. వారం గడిచినా జవాబు లేదు.

హెలెన్ ఆంటీ చర్చి నేలమాళిగలో పని పోయినవాళ్ల కుటుంబాలకి ప్రతి బుధవారం భోజనాలు పెట్టేవారు. పేరు చెప్పకుండా అక్కడికి పంపాలని అమ్మ ఆగస్టులో మళ్లీ వడియాలు పెట్టింది. ఉన్న చట్రాలు చాలక రెండు పాత చీరలు కూడా పరిచింది. ఆ మధ్యాహ్నం మేం లోపల లెక్కలు చేసుకుంటుంటే దభీమని చప్పుడు. ఆ వెంటనే పెనం మీద మూడు దెబ్బలు.

“మసే!” అంటూ అమ్మ ఉన్నపళంగా లేచి పరుగెత్తింది. బయట మసి లేదు, నది అవతల నుంచి కారుమబ్బు దిగుతోంది. అప్పటికే మా పెరట్లో హెలెన్ ఆంటీ ఒక చట్రం ఎత్తుకుని, ఇంకో దాని మీద తను ఈస్టర్ పండక్కి మాత్రమే పరిచే బల్లగుడ్డ కప్పుతోంది. జో అంకుల్ చీర అంచులు పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు.

“ఉరుమా అది? మళ్లీ కొలిమి ముట్టించారనుకున్నా” అన్నాడు.

“మాటలు తర్వాత, ముందు లాగు!” అని ఆవిడ కసిరింది. నలుగురం కలిసి అన్నీ వాళ్ల వరండాలోకి చేర్చేసరికి వాన దబదబా దంచేసింది. అమ్మ ఏదో చెప్పబోతే హెలెన్ ఆంటీ చెయ్యి అడ్డం పెట్టింది. “మసి లేకపోతేనేం సూ, వాన ఉందిగా. ఎవరో ఒకరు కొట్టాలి.” తర్వాత నా వైపు తిరిగి, “ఉత్తరం చదివాను. చేతిరాత ఘోరం. రేపటి నుంచి పాఠం” అంది. అమ్మ ఆ సాయంత్రం రెండుసార్లు వడ్డించుకుంది.

తర్వాతి ఏడాది నాన్నగారికి మిచిగాన్‌లో ఉద్యోగం దొరికి మేం వెళ్లిపోయాం. హెలెన్ ఆంటీ మాత్రం, వీధి ఇల్లిల్లుగా ఖాళీ అవుతున్నా, జో అంకుల్ పోయినా, చివరిదాకా అక్కడే ఉండి అక్కడే కన్నుమూసింది. నా ఊపిరి నిలబడింది ఆవిడ కొవ్వొత్తుల వల్లో అమ్మ దీపాల వల్లో ఆ స్వామికే తెలియాలి. నేను రెండింటికీ రుణపడే ఉన్నాను.

ఫోన్లో వసుంధరగారిని హెలెన్ ఆంటీ ఇంటి వెనక వరండా దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడమన్నాను. ఏం వినిపిస్తోందని అడిగాను.

“ఏం లేదు శారదా. పిట్టలు, గాలి, గంతే.” తర్వాత, “గీడ గోడకు ఒక మేకు ఉన్నది, తుప్పు పట్టింది. దాని కింద చెక్క మీద గుండ్రంగ మచ్చ. ఏందో తగిలిచ్చి తగిలిచ్చి అరిగినట్టున్నది” అంది.

దాన్ని ఫొటో తియ్యమన్నాను. ఇప్పుడది మా పూజ అలమర పక్కన ఉంది. ఆ గోడ త్వరలో పోతుంది. మీకు నేను చేసుకునే మనవి ఒక్కటే: ఎండలో మీరు ఏదైనా ఆరబెట్టినప్పుడు, మబ్బు పట్టిందని పక్కింటివాళ్లెవరైనా కేకేస్తే, ఆ ఒక్క క్షణం మా హెలెన్ ఆంటీని తలుచుకోండి.