కొక్కేనికి వేలాడిన చొక్కా

తెనాలిలో మా దర్జీ కొట్లో ఒక తెల్లచొక్కా ఏడాది పాటు కొక్కేనికి వేలాడింది. కుట్టించుకున్న మనిషి మళ్ళీ రాలేదట. దాని మీద కథ రాయాలని నా పట్టుదల. చొక్కా ఉంటే సరా, కథ నడవొద్దూ? విసిగిపోయి ఒక ఉదయం రాసేశాను. వానలో అతను వస్తాడు, చొక్కా అక్కడే తొడుక్కుంటాడు, రేపల్లె బండి ఎక్కుతాడు. ఎవరికీ చూపించలేదు.

సాయంత్రం కొట్టుకు వెళితే, ఆ కొక్కేనికి ఎవరిదో నీలంచొక్కా నీళ్ళు కారుతూ ఉంది.

"మధ్యాహ్నం వానలో వచ్చాడండి," అన్నాడు దర్జీ. "తెల్లది ఇక్కడే తొడుక్కుని, ఇది వదిలేసి, రేపల్లె బండికి పరిగెత్తాడు."

తర్వాత కథ పత్రికకు పంపితే, ముగింపేదని సంపాదకుడు నన్ను చంపుకు తింటున్నాడు. ముగింపు ఆ ఉదయమే మనసులో అనుకున్నాను. బండి రేపల్లె చేరుతుంది, అతను దిగడు. ఆ వాక్యం మాత్రం ఆ కథలో ఇంతవరకు రాయలేదు.